వంశానికి పేరిచ్చిన చార్లెస్ మార్టెల్

హాస్టల్ రిజిస్టరులో మన పేర్లన్నీ ఇంటిపేరుతోనే మొదలవుతాయి. ఆ ఇంటిపేరు విని మన స్థాయిని అంచనా కట్టేవారిని మనం చూస్తూనే ఉన్నాము. అందుకే యూరప్‌లోని ఒక గొప్ప రాజవంశానికి పేరు ఎవరి వల్ల వచ్చిందో మిత్రులకు చెప్పాలనుకున్నాము. అది కరోలింజియన్ వంశం. దానికి పేరిచ్చినవాడు వారసత్వం దక్కని కొడుకు.

నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఒకప్పుడు ఫ్రాంకులు పాలించేవారు. మెరొవింజియన్ వంశం వారు పేరుకే రాజులు. అసలు అధికారం ప్రధాని చేతిలో ఉండేది. అటువంటి ప్రధాని పెపిన్‌కు అల్పైడా అనే స్త్రీ వల్ల సుమారు 688లో చార్లెస్ జన్మించాడు. 714లో పెపిన్ మరణించాడు. పెద్దభార్య ప్లెక్ట్రూడ్ తన మనవడికే పదవి దక్కాలని చార్లెస్‌ను ఖైదు చేయించింది.

715లో చార్లెస్ చెర నుండి తప్పించుకున్నాడు. 716లో కొలోన్ వద్ద ఓడిపోయినా కుంగిపోలేదు. అదే సంవత్సరం ఆంబ్లేవ్ వద్ద, 717లో విన్సీ వద్ద గెలిచాడు. 732లో తూర్, పొయిటియర్స్ పట్టణాల మధ్య, స్పెయిన్ నుండి వచ్చిన అబ్దుల్ రహమాన్ సైన్యాన్ని ఓడించాడు. మార్టెల్ అంటే సుత్తి. ఆ బిరుదు ఆయన మరణానంతరం స్థిరపడింది. చర్చి భూములను తన అనుచరులకు ఇచ్చాడనే నింద కూడా ఆయనపై ఉంది. 737లో రాజు మరణించాక మరో రాజు లేకుండానే పాలించాడు గాని, తాను కిరీటం ధరించలేదు. 741లో కన్నుమూశాడు.

ఆయన కుమారుడు పొట్టి పెపిన్ 751లో రాజయ్యాడు. మనవడు షార్లమేన్ 800లో రోమ్ నగరంలో చక్రవర్తి అయ్యాడు. చార్లెస్‌ను లాటిన్‌లో కరోలస్ అంటారు. కరోలింజియన్ అనే పేరు అందులోనుండే వచ్చింది. అంతకు ముందు మెరొవింజియన్ రాజులలో ఎవరికీ ఈ పేరు లేదు. పాత జర్మానిక్ భాషలలో కార్ల్ అంటే మనిషి, స్వతంత్రుడు అని అర్థం. తరువాత షార్లమేన్ కీర్తి వల్ల ఈ పేరే పోలిష్, చెక్, రష్యన్ భాషలలో రాజు అనే మాటగా మారిందని భాషావేత్తలు చెబుతారు.

మనిషి అనే మాట రాజు అనే మాటగా మారింది! చార్లెస్ చేతిలో కత్తి ఉంది, మన చేతిలో పుస్తకం ఉంది. ఇంటిపేరు మనకు ఏమి ఇచ్చిందని ఆలోచిస్తూ కూర్చోకుండా, ఆ పేరుకు మనం ఏమి ఇవ్వగలమో ఆలోచిద్దాం.