కోడి రామ్మూర్తి నాయుడు: డ్రిల్లు మాస్టారు నుంచి మల్లయోధుడి దాకా



విశాఖ బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడు గారి విగ్రహాన్ని మీరు చూసే ఉంటారు. ఈసారి అటు వెళ్లినప్పుడు ఆయన కథ మీ పిల్లలకు చెప్పండి.

ఆయన మన ఉత్తరాంధ్రవారే. 1882లో వీరఘట్టంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయారు. చదువు మీద పెద్దగా మనసు నిలవలేదు. తండ్రి ఆయనను విజయనగరంలో ఉన్న తమ్ముడి ఇంటికి పంపారు. అక్కడ వ్యాయామశాలలో చేరి కసరత్తు, కుస్తీ నేర్చుకున్నారు. తర్వాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగి వచ్చి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. ఆ తర్వాతే సర్కస్ కంపెనీ పెట్టారు.

ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి నింపి తెంచేవారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవారు. 'కలియుగ భీముడు', 'ఇండియన్ హెర్క్యులస్' అని పేరు తెచ్చుకున్నారు. ఇదంతా ఒట్టి కండబలం కాదు. శాకాహారం, ప్రాణాయామం, ఏళ్ల తరబడి సాధన దాని వెనుక ఉన్నాయి. చివరి రోజుల్లో ఆయన కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో కన్నుమూశారు.

ఇప్పుడు మీ పిల్లలు ఫోన్‌లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు చూస్తూ, గట్టిగా గుద్దినవాడే గెలుస్తాడని అనుకోవచ్చు. నిజానికి అక్కడ ముందు చూడాల్సింది దూరం. గుద్దడానికి చేయి చాచేంత దూరం కావాలి, తన్నడానికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. కుస్తీ తెలిసినవాడు ఆ దూరాన్ని చెరిపేసి మీదకొచ్చి పట్టు పడతాడు. ఇక గుద్దుకు చోటుండదు. ఎప్పుడు దగ్గరవ్వాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నది వీడియో చూస్తే రాదు. గురువు ఎదుట, రోజూ, ఊపిరి అదుపులో పెట్టుకుని సాధన చేస్తేనే వస్తుంది. ఇంట్లో తమ్ముడి మీదో చెల్లెలి మీదో ప్రయోగించేది అసలే కాదు.

పరీక్షలు దగ్గరపడగానే గేమ్స్ పీరియడ్‌లో కూడా రివిజన్ పెట్టమని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. మీ ఆందోళన మాకు అర్థమవుతుంది. కానీ పుస్తకం పట్టని ఒక పిల్లవాడికి వ్యాయామశాల దారి చూపింది. ఆ దారే అతణ్ణి మళ్లీ బడికి, ఈసారి మాస్టారుగా, తీసుకొచ్చింది. ఆ ఒక్క పీరియడ్ పిల్లలకు ఉండనివ్వండి. సాయంత్రం ఇంటికి రాగానే మార్కులతో పాటు, ఈ రోజు ఏం ఆడావు అని కూడా అడగండి.