దోస్తోయెవ్‌స్కీ – జూదచక్రము

సప్తవ్యసనములలో జూదమొకటి యని మన పెద్దలు చెప్పిరి. ధర్మరాజంతటివాడు పాచికలాడి రాజ్యమును, తమ్ములను, తుదకు ఇల్లాలిని ఒడ్డి యోడిపోయెను. గొప్ప బుద్ధిమంతులను సైతము ఈ వ్యసనము ఎట్లు లోగొనునో తెలిసికొనుటకు రష్యా దేశపు మహారచయిత ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ జీవితము చక్కని నిదర్శనము.

ఆయన 1821 నవంబరు 11వ తేదీన మాస్కో నగరమున జన్మించెను. తండ్రి పేదల వైద్యశాలలో వైద్యుడు. దోస్తోయెవ్‌స్కీ పీటర్స్‌బర్గులో సైనిక ఇంజనీరింగు విద్య నభ్యసించెను గాని, ఆయన మనస్సు సాహిత్యముపైననే నిలిచెను. 1846లో వెలువడిన 'పేదజనము' అను నవల ఆయనకు పేరు తెచ్చెను. 1849లో రాజద్రోహులతో చేరినాడను నేరముపై ఆయనకు మరణదండన విధించిరి. వధ్యస్థలమునకు కొనిపోయిన పిదప కడపటి నిమిషమున చక్రవర్తి యాజ్ఞ వచ్చి ప్రాణము దక్కెను. నాలుగేండ్లు సైబీరియాలోని ఓమ్‌స్కు చెఱలో కఠినశిక్ష ననుభవించి, పిమ్మట సైనికుడుగా పనిచేసి, 1859 చివర ఆయన పీటర్స్‌బర్గు చేరెను.

మృత్యువు నెదుట చూచియు నిలిచిన ఆ ధీరుని ఒక చిన్న చక్రము దాసునిగా చేసికొనెను. ఆ కాలమున జర్మనీలోని వీస్‌బాడెన్, హోంబుర్గు, బాడెన్-బాడెన్ పట్టణములలో రూలెట్ అను జూదము సాగుచుండెను. తొట్టివంటి బల్లలో అమర్చిన చక్రము చుట్టును చిన్న గళ్లుండును. వానిపై సున్న మొదలు 36 వఱకు అంకెలు వ్రాయబడి యుండును. సున్న తక్క తక్కిన అంకెలలో సగము ఎఱుపు, సగము నలుపు. చక్రమును ఒక దిక్కునకు త్రిప్పి, చిన్న గోలీని ఎదురుదిక్కునకు విసరుదురు. గోలీ ఏ గడిలో పడునో దానిపై పందెమొడ్డినవారు గెలుతురు.

ఈ చక్రమును గూర్చి జూదరులలో మూఢనమ్మకములు పెక్కు గలవు. వచ్చిన అంకెలను కాగితముపై గుర్తించుకొని, వరుసగా నలుపు వచ్చినచో ఇక ఎఱుపు రాక తప్పదని కొందఱు నమ్ముదురు. చాలసేపు రాని అంకెకు వంతు వచ్చినదని మఱికొందఱు తలంతురు. దోస్తోయెవ్‌స్కీ నమ్మకము వేఱు. ఆవేశపడక మనస్సును నిలుపుకొని ఆడువాడు తప్పక గెలుచునని ఆయన గట్టిగా నమ్మెను. 1863లో వీస్‌బాడెన్‌లో పదివేల ఫ్రాంకులకు పైగా గెలుచుటతో ఆ నమ్మకము బలపడెను. సొమ్ము సంచిలో దాచుకొని బయలుదేర నిశ్చయించియు, ఆశ చావక మరల వెళ్లి అందు సగము పోగొట్టుకొనెను.

నిజమునకు చక్రమునకు జ్ఞాపకము లేదు. ఆడువాని మనస్సును అది చదువలేదు. గడచిన పందెమునకును రాబోవు పందెమునకును సంబంధము లేదు. 1913లో మాంటెకార్లో జూదశాలలో గోలీ వరుసగా 26 మారులు నలుపుపై పడెను. ఇక ఎఱుపు తప్పదని ఒడ్డినవారందఱును నష్టపోయిరి. లెక్క చూడుడు. ఒక అంకెపై రూపాయి ఒడ్డి గెలిచినవానికి ఆ రూపాయితో కలిపి 36 రూపాయలు వచ్చును. అంకెలు మాత్రము 37. అన్నిటిపై ఒక్కొక్క రూపాయి ఒడ్డినవానికి 36 మాత్రమే తిరిగి వచ్చును. ఆ మిగిలిన రూపాయి జూదశాల పాలు. శాంతముగా ఆడినను, కోపముగా ఆడినను ఈ లెక్క మాఱదు.

1864లో భార్యయు, అన్నయు మరణించిరి. అన్న అప్పుల భారము కూడ ఆయనపై పడెను. 1866 నవంబరు మొదటి తేదీలోగా క్రొత్త నవల నీయకున్నచో, తొమ్మిదేండ్లపాటు తన రచనలను ప్రతిఫలము లేకుండ ముద్రించుకొను హక్కును స్టెలోవ్‌స్కీ యను ప్రచురణకర్తకు ఆయన వ్రాసి యిచ్చెను. గడువు ముంచుకొని వచ్చెను. అప్పుడు శీఘ్రలిపి నేర్చిన అన్నా యను ఇరువది యేండ్ల యువతి సాయమునకు వచ్చెను. ఆయన చెప్పుచుండగా ఆమె వ్రాసికొనెను. 26 దినములలో 'జూదరి' యను నవల పూర్తియయ్యెను. మఱుసటి యేడు వారికి వివాహమయ్యెను.

జూదరి మనస్సును అంత చక్కగా చిత్రించినవాడు తాను మాత్రము జూదము మానలేకపోయెను. 1867లో దంపతులు బాడెన్-బాడెన్‌లో సుమారు ఏడు వారములుండిరి. భార్య చెవికమ్మలు, దుస్తులు, తుదకు పెండ్లి ఉంగరములు కూడ కుదువకు పోయెను. గర్భవతియైన అన్నా అన్నియు ఓర్చుకొనెను. మఱుసటి యేడు జెనీవాలో పుట్టిన బిడ్డ మూడు నెలలకే కన్నుమూసెను.

1871 ఏప్రిలులో ఆయన వీస్‌బాడెన్‌లో ఉన్న సొమ్మంతయు ఓడి, భార్య పంపిన ప్రయాణపు ఖర్చు కూడ ఓడిపోయెను. ఇక నెన్నడును ఆడనని ఆమెకు లేఖ వ్రాసెను. అట్టి మాట అంతకుముందు ఎన్నో మారులిచ్చి తప్పెను. ఈ మారు మాత్రము నిలుపుకొనెను. 1872 చివర జర్మనీలోని జూదశాలలు మూతపడినవి. అంతకుముందే ఆయన మనస్సులోని జూదశాల మూతపడెను.

రష్యాకు మరలి వచ్చిన పిదప అన్నా స్వయముగా భర్త గ్రంథములను ప్రచురించి, క్రమముగా అప్పులు తీర్చెను. 1880లో పూర్తియైన 'కరమజోవ్ సోదరులు' ఆయన కీర్తిని శాశ్వతము చేసెను. 1881 ఫిబ్రవరి 9వ తేదీన ఆయన స్వర్గస్థుడయ్యెను.

దాదాపు పదేండ్లు చక్రమును జయింప యత్నించి దోస్తోయెవ్‌స్కీ ఓడెను. దానిని విడిచిన దినమున గెలిచెను. జూదమున నిశ్చయముగా గెలుచు మార్గము అది యొక్కటియే.