ఆస్తి పోగొట్టుకుని ఆస్తి ధర్మం నేర్పిన 13వ లియో పోపుగారు



రోడ్డు వెడల్పు చేయడానికో, కాలువ తవ్వడానికో ప్రభుత్వం ఒకరి పొలం తీసుకుంటే చాలు, ఇదంతా కమ్యూనిజమని మనలో కొందరు వెంటనే తీర్పు చెప్పేస్తారు. దేవాలయపు స్థలం పోతుందన్న పుకారు పుట్టినా అదే తీర్పు. అది సరైనదేనా? ప్రభుత్వం ఆస్తి స్వాధీనం చేసుకున్న ప్రతిసారీ దానిని కమ్యూనిజం అనవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు 13వ లియో పోపుగారి జీవితంలో మీకు తేటగా కనిపిస్తుంది.

ఆయన అసలు పేరు జోవక్కీనో పెచ్చి. 1810 మార్చి 2న, రోము నగరానికి ఆగ్నేయంగా ఉన్న కార్పినేతో అనే కొండ ఊరిలో, కలిగిన కుటుంబంలో జన్మించారు. 1837 డిసెంబరు 31న గురుపట్టం పొందారు. ఆ రోజుల్లో ఇటలీ మధ్యభాగానికి పోపుగారే పాలకులు. అందుచేత ఈ యువ గురువును మొదట బెనవెంతోకు, తరువాత పెరూజియాకు పరిపాలకునిగా పంపారు. 1843లో పోపుగారి రాయబారిగా బెల్జియం వెళ్లారు. ఫ్యాక్టరీలు, బొగ్గు గనులు వేగంగా పెరుగుతున్న దేశమది. యంత్రాలు తెచ్చిన సంపదనూ, ఆ యంత్రాల చెంత నలిగిపోయే కూలివాని బ్రతుకునూ ఆయన దగ్గరగా చూశారు.

1846లో పెరూజియా మేత్రాణులుగా నియమితులై 32 ఏళ్లు ఆ మందను కాచారు. పేదల కోసం కపుచిన్ మఠవాసుల చేత అన్నశాలలు నడిపించారు. వడ్డీ వ్యాపారుల వాత పడకుండా తక్కువ వడ్డీకి అప్పులిచ్చే సంస్థలను మేత్రాసనమంతటా తెరిపించారు. పేదవాని చేతిలో నాలుగు డబ్బులు నిలవాలన్న తపన ఆయనకు పుస్తకాల వల్ల కాదు, విచారణల్లో తిరగడం వల్ల కలిగింది.

ఇక అసలు కథకు వద్దాం. 1860లో పీడ్మాంట్ రాజు సైన్యం పెరూజియాను పట్టుకుంది. మరుసటి సంవత్సరం ఇటలీ రాజ్యం ఏర్పడింది. 1866, 1867 సంవత్సరాల్లో ఆ ప్రభుత్వం చట్టాలు చేసి మఠాలను రద్దుచేసింది, శ్రీసభ భూములను స్వాధీనం చేసుకుని వేలం వేసింది. 1870 సెప్టెంబరు 20న రోము నగరం కూడా దాని వశమైంది. 1873లో అవే చట్టాలు అక్కడా అమలులోకి వచ్చాయి. వేలంలో ఆ భూములు ఎవరి పాలయ్యాయి? చాలామటుకు డబ్బున్నవారి పాలే. పేద రైతుకు దక్కింది స్వల్పం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పని చేసింది కమ్యూనిస్టులా? కానే కాదు. దేశానికి విక్టర్ ఇమ్మానుయేలు రాజు. ఓటు హక్కు సైతం పన్ను కట్టగలిగిన కొద్దిమందికే. సొంత ఆస్తి అంటే ఆ పాలకులకు మహా గౌరవం. వారు ఒక యజమాని చేతిలోని ఆస్తిని తీసి మరొక యజమానికి అమ్మారు, అంతే. కమ్యూనిజం వేరు. 1848లో మార్క్స్, ఎంగెల్స్ ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం భూమి, ఫ్యాక్టరీ వంటి ఉత్పత్తి సాధనాలు ఏ వ్యక్తికీ సొంతం కాకూడదు. అక్కడ రద్దయ్యేది ఒకరి పొలం కాదు, పొలం కలిగి ఉండే హక్కే. కాబట్టి శ్రీసభకు జరిగింది అన్యాయమే గాని కమ్యూనిజం కాదు. రాజులు లాక్కోవడం కొత్తా? కూరతోట కోసం నాబోతు ద్రాక్షతోటను అపహరించిన అహాబు ఏ సిద్ధాంతం చదివాడు?

1878 ఫిబ్రవరి 20న పెచ్చిగారు పోపుగా ఎన్నికై లియో అనే పేరు స్వీకరించారు. రాజ్యం లేదు. వాటికన్ గోడలు దాటి బయటకు రాకుండానే 25 ఏళ్లు గడిపారు. 1884లో ప్రపంచమంతటా వేదవ్యాపకం చూసే ప్రొపగాండా సభ స్థిరాస్తులను ప్రభుత్వ బాండ్లుగా మార్చాలని ఇటలీ ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆయన గట్టిగా నిరసించారు.

ఇంత పోగొట్టుకున్న మనిషి ఆస్తిపరుల పక్షాన నిలబడి, ప్రభుత్వం దేనినీ ముట్టకూడదని చెప్పి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆయన అలా చెప్పలేదు. 1891 మే 15న వెలువరించిన రేరుమ్ నోవారుమ్ అనే విశ్వలేఖలో రెండు వైపులా పదునున్న మాట చెప్పారు. ఒకవైపు, చెమటోడ్చి కూడబెట్టుకున్నది తనదిగా ఉంచుకోవడం మనిషికి స్వభావసిద్ధమైన హక్కు. దానిని రద్దుచేస్తే ముందుగా నష్టపోయేది కూలివాడే అన్నారు. మితిమీరిన పన్నులతో ఆస్తిని పీల్చివేయడం కూడా అన్యాయమేనన్నారు. మరోవైపు, పునీత తోమాసు అక్వినాసు బోధను అనుసరించి, ఆస్తి ఒకరిదైనా దాని ఫలం అవసరంలో ఉన్నవారికీ చెందాలని నేర్పారు. కుటుంబం గడిచేటంత కూలి ఇవ్వాలని, పేదవారిని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదని, వీలైనంత ఎక్కువమంది సొంతదారులయ్యేలా చట్టాలు ఉండాలని కోరారు.

తరువాతి పోపులు ఆ బాటనే విస్తరించారు. 1967లో 6వ పౌలు పోపుగారు, బీడుపడి ప్రజలకు కీడు చేసే పెద్ద భూస్వామ్యాలను సమష్టి మేలు కోసం కొన్ని సందర్భాల్లో ప్రభుత్వం తీసుకోవచ్చునని స్పష్టం చేశారు. అలా తీసుకున్నప్పుడు న్యాయమైన పరిహారం ఉండాలని 2వ వాటికన్ మహాసభ 1965లోనే నేర్పింది.

ఈ పోపుగారు మనకు పరాయివారు కారు. 1886లో భారతదేశ శ్రీసభకు మేత్రాసనాల వ్యవస్థ ఏర్పరచింది ఆయనే. హైదరాబాదు, విశాఖపట్నం మేత్రాసనాలు ఆ ఏడాదే వెలిశాయి. మన దేశపు గురువిద్యార్థుల కోసం 1893లో కాండీలో ఆయన స్థాపించిన సెమినరీ 1955లో పూనాకు తరలింది. 1903 జూలై 20న, 93 ఏళ్ల వయసులో ఆయన ప్రభుని చేరుకున్నారు. 2025 మే 8న ఎన్నికైన పోపుగారు లియో అనే పేరు ఎన్నుకోవడానికి ఆయన స్మృతే ముఖ్య కారణం.

ప్రియ పాఠకులారా, ప్రభుత్వం ఒక పొలం తీసుకుంటుందన్న వార్త మీరు వింటే తొందరపడి పేరు పెట్టకండి. మూడు సంగతులు అడగండి. నిజంగా పదిమంది మేలు కోసమేనా, లేక ఒక పెద్దమనిషి లాభం కోసమా? న్యాయమైన పరిహారం సకాలంలో చేతికందిందా? పొలం పోయినవాడు మళ్లీ సొంతదారుగా నిలబడే దారి ఉందా? ఈ మూడింటికీ మంచి జవాబు ఉంటే అది కమ్యూనిజం కాదు, అన్యాయమూ కాదు. జవాబు లేకపోతే, కమ్యూనిజం కాకపోయినా అది ఏడవ దైవాజ్ఞకు విరుద్ధమే. అప్పుడు నష్టపోయినవారి పక్కన మనం నిలబడాలి. ఆ నష్టపోయినవారు మన విచారణవారైనా, మన వేదంవారు కాకపోయినా.

అలాగే మరో ప్రశ్న మన ఇంటిలోనూ వేసుకుందాం. పక్కవాని గట్టు జరిపినప్పుడు, పాలివాని వాటా దాచినప్పుడు, కోతకొచ్చిన కూలివానికి తూకం తగ్గించినప్పుడు లాక్కున్నది ఏ ప్రభుత్వం?