కత్తెర పట్టిన చేయి: లోటే రైనిగర్ జీవితము

తోలుబొమ్మలాటను గూర్చి మన పోచారపు బాలబాలికలు పెద్దలవలన వినియుందురు. మేకతోలును పలుచన చేసి, రంగులద్ది, కాలుసేతులను దారముతో కీలించి, తెరవెనుక దీపపు వెలుగున ఆడించు ఆ బొమ్మలకు దూరపు చుట్టములనదగిన నల్లని అట్టబొమ్మలను జర్మనీ దేశపు వనిత యొకతె చలనచిత్రములందు నడిపించెను. కాగితపుబొమ్మలతో చిత్రములు తీయ నేర్చుకొనగోరు విద్యార్థులు ఆమె చరిత్ర నెఱుగుట మేలని తలంచి వ్రాయుచున్నాము.

లోటే రైనిగర్ 1899వ సంవత్సరము జూన్ 2వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. చిన్ననాటనే కత్తెరతో రూపములు కత్తిరించు నేర్పు ఆమె కలవడెను. నటీనటుల నీడరూపములు కత్తిరించుచుండగా పాల్ వెగెనర్ అను ప్రసిద్ధ నటుని దృష్టి ఆమెపై బడెను. 1918లో ఆయన తీసిన హామెలిన్ పిల్లనగ్రోవివాని చిత్రమున నిజమైన ఎలుకలు చెప్పినట్లు నడువకపోగా, కొయ్య ఎలుకలను కొంచెము కొంచెముగా జరుపుచు తీయవలసి వచ్చెను. ఆ పనిలో ఈమెయు చేయి వేసెను. 1919లో స్వయముగా తొలి చిత్రము తీసెను. 1921లో కార్ల్ కోహ్‌ను వివాహమాడెను. నాటినుండి ఆయన కెమెరా చూచుకొనెను.

ఆమె పద్ధతి చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. నల్లని అట్టను, పలుచని సీసపు రేకును కత్తిరించి, అవయవములను సన్నని తీగతో కీలించి, క్రిందినుండి వెలుగు ప్రసరించు గాజుపలకపై బొమ్మను పరుండబెట్టవలెను. పైనున్న కెమెరాతో ఒక చిత్రము తీసి, చేతిని వెంట్రుకవాసి జరిపి, మరల తీయవలెను. సెకనుకు 24 చొప్పున నిమిషమునకు 1440 చిత్రములు కావలెను. లెక్కలు తప్పించుకొనుటకై బొమ్మల వైపు వచ్చు విద్యార్థులు దీనిని గమనింతురు గాక!

ద్రవ్యోల్బణపు దినములలో లూయీ హాగెన్ అను బ్యాంకరు కొనియుంచిన ఫిల్మును ఆమె కిచ్చి పెద్ద చిత్రము తీయుమనెను. పాట్స్‌డాములో ఆయన గారేజీపై నున్న అటుకలో 1923 మొదలు 1926 వరకు శ్రమించి అరబ్బీ కథల రాకుమారుడు అహ్మదు చిత్రమును ముగించిరి. నేడు మిగిలియున్న పూర్తినిడివి బొమ్మల చిత్రములలో ఇదియే మిక్కిలి పాతది. డిస్నీవారి స్నోవైట్ 1937లో గాని రాలేదు.

నాజీల యేలుబడి గిట్టక దంపతులు స్వదేశమును విడిచిరి. ఏ దేశమును స్థిరనివాసమునకు అనుమతి నీయకపోగా, వీసా గడువు తీరినప్పుడెల్ల దేశము మారుచు సంవత్సరములు గడపిరి. తుదకు వ్యాధిగ్రస్తయైన తల్లికొఱకు 1944 ప్రాంతమున ఆమె బాంబులు పడుచున్న బెర్లినునకే తిరిగి వచ్చెను. అహ్మదు చిత్రపు మూల నెగటివు యుద్ధకాలమున నశించెను.

1949లో లండను చేరి, ఆ హాగెన్ కుమారునితో కూడి బాలలకొఱకు కథాచిత్రములు తీసెను. 1963లో భర్త మరణింపగా కొంతకాలము పని మానెను. పిదప 1970వ దశకమున దేశదేశములు తిరిగి తన పద్ధతిని యువజనులకు చేసి చూపెను. 1981 జూన్ 19న జర్మనీలోని డెట్టెన్‌హౌజెను గ్రామమున కన్నుమూసెను.