విలియం కింగ్ (భూవిజ్ఞాన శాస్త్రవేత్త)

విలియం కింగ్ 19వ శతాబ్దానికి చెందిన భూవిజ్ఞాన శాస్త్రవేత్త. గోదావరి లోయలోను, తీరప్రాంతంలోను శిలల వరుసను వివరించి, వాటికి స్థానిక గ్రామాల పేర్లు పెట్టాడు. సింగరేణి బొగ్గును కనుగొన్న వ్యక్తిగా తెలుగువారికి సుపరిచితుడు.

నేపథ్యం

ఈయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన ఐర్లండులోని గాల్వే క్వీన్స్ కళాశాలలో భూవిజ్ఞాన ఆచార్యుడు. బ్రాకియోపాడ్లు అనే రెండు చిప్పల సముద్రజీవుల శిలాజాలను పరిశోధించాడు. పైకి ఒకేలా కనిపించే గుల్లలను లోపలి నిర్మాణం, కండరాలు అతుక్కున్న గుర్తుల ఆధారంగా వేరుచేయవచ్చు. ఇంగ్లండు పెర్మియన్ శిలాజాలపై ఆయన గ్రంథం 1850లో వెలువడింది. నియాండర్తల్ మానవునికి 1864లో శాస్త్రీయ నామం పెట్టినదీ ఆయనే.

కుమారుడు 1857లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరాడు. కడప, కర్నూలు శిలలపై ఈయన గ్రంథం 1872లో ప్రచురితమైంది.

గోదావరి ప్రాంతంలో కృషి

1880లో గోదావరి జిల్లా తీరప్రాంతపు శిలలపై, 1881లో ప్రాణహిత-గోదావరి లోయపై ఈయన రచనలు వెలువడ్డాయి. తీరప్రాంతపు ఎగువ గోండ్వానా శిలలను కింగ్ మూడు భాగాలుగా విభజించాడు. అడుగున గొల్లపల్లి ఇసుకరాయి, మధ్యలో రాఘవాపురం షేల్, పైన తిరుపతి ఇసుకరాయి ఉన్నాయి. ఇక్కడ తిరుపతి అంటే చిత్తూరు సీమలోనిది కాదు. చిన్న తిరుపతిగా పేరొందిన ద్వారకా తిరుమల.

రాఘవాపురం షేల్‌లో నేలపై పెరిగిన మొక్కల ముద్రలతో పాటు అమ్మోనైట్లు, ఆలుచిప్పల వంటి సముద్రజీవుల శిలాజాలు లభిస్తాయి. గోండ్వానా శిలలు చాలావరకు నదులు, సరస్సులలో ఏర్పడినవి. మొక్కల శిలాజాలతో మాత్రమే వాటి కాలాన్ని నిర్ణయించటం కష్టం. సముద్రజీవుల శిలాజాలు తోడైతే ఇతర దేశాల శిలలతో పోల్చటానికి వీలు కలుగుతుంది. తీరప్రాంతపు పొరలకు ఉన్న ప్రాముఖ్యత ఇదే.

సింగరేణి బొగ్గు

1871లో నిజాం రాజ్యంలోని ఇల్లందు సమీపాన కింగ్ బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. అక్కడి ఒక ముఖ్యమైన బొగ్గు పొరను ఈయన పేరుతో కింగ్ సీమ్ అని పిలుస్తారు.

తరువాతి కాలం

కింగ్ 1887 నుండి 1894 వరకు సర్వేక్షణ సంస్థకు డైరెక్టరుగా పనిచేశాడు. గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అనే శిలల పేర్లు నేటికీ భూవిజ్ఞాన పాఠ్యగ్రంథాలలో వాడుకలో ఉన్నాయి.