త్యాగరాజు గుడి కట్టించిన దేవదాసి

దేవదాసీ కుటుంబంలో 1878లో జన్మించిన బెంగళూరు నాగరత్నమ్మ మద్రాసు కచేరీలలో మేటి గాయని. తొలినాళ్ల గ్రామఫోను రికార్డులకెక్కిన గొంతు ఆమెది. తంజావూరు ఆస్థాన దేవదాసి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను ఆమె పరిష్కరించగా, నెల్లూరు సీమకు చెందిన వావిళ్ల వారి ముద్రణాలయం 1910లో ప్రచురించింది. పూర్వముద్రణ విడిచిపెట్టిన పద్యాలను, కవయిత్రి వంశవివరాలను ఆమె తిరిగి చేర్చారు. స్త్రీ శృంగారం రాయరాదన్న వీరేశలింగం తీర్పును పీఠికలో నిలదీశారు. ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాధినేత అయ్యాకగాని నిషేధం తొలగలేదు.

తిరువయ్యారులో శిథిలమైన త్యాగరాజ సమాధిపై ఆమె తన ఆర్జనతో ఆలయం కట్టించారు. అయినా ఆరాధనలో స్త్రీలు పాడరాదన్నారు. ఆమె స్త్రీల ఆరాధనను వేరుగా జరిపి, 1940లో వర్గాలు ఏకమయ్యేదాకా పట్టు వీడలేదు.

దేవదాసీ వ్యవస్థ రద్దును నాగరత్నమ్మ వ్యతిరేకించారు. దోపిడీ అంతం కావాలన్న ముత్తులక్ష్మీరెడ్డి వాదన న్యాయమైనదే. అయితే 1947 నాటి చట్టం దురాచారాన్ని నిషేధించింది గాని, ఆ కులాల కళకు వేదికపై స్థానం నిలపలేదు. సభలు అగ్రవర్ణాల పరమయ్యాయి.

1952లో మరణించిన నాగరత్నమ్మ సమాధి త్యాగరాజ సన్నిధికి ఎదురుగానే ఉంది. అక్కడ ఏటా కీర్తనలు పాడే విద్వాంసులు ఆ గుడి ఎవరి సొమ్ముతో లేచిందో తమ శిష్యులకు చెప్పాలి.