వేళ్ల చెలిమిని కనుగొనిన ఫ్రాంకు

పలనాటిలో మిరపనారు నాటు రైతు ఆకును, కాండమును చూచి మొక్క బాగోగులను నిర్ణయించును. అయితే నేలలోపల వేరునకు తోడై దానిని పోషించు నేస్తము వేరొకటి కలదు. ఆ సంగతిని లోకమునకు తెలిపిన శాస్త్రజ్ఞులలో ముఖ్యుడు ఆల్బెర్టు బెర్న్‌హార్డు ఫ్రాంకు.

ఆయన 1839వ సంవత్సరమున జర్మనీ దేశమందలి డ్రెస్డెన్ నగరమున జన్మించెను. లైప్‌జిగ్‌లో విద్య నభ్యసించి, 1881లో బెర్లిన్ వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడయ్యెను. మొక్కల తెగుళ్లను గూర్చి గొప్ప గ్రంథమును రచించెను. వేరునంటిన శిలీంధ్రము, అనగా బూజు, పుట్టగొడుగుల జాతికి చెందిన జీవి, మొక్కకు శత్రువే యని ఆనాటి పండితులు పెక్కురు తలచుచుండిరి.

ఆ దినములలో ప్రష్యా ప్రభుత్వము ఆయనకొక పని నప్పగించెను. ట్రఫుల్ అనునది ఓక్, బీచ్ మొదలగు చెట్లక్రింద భూమిలో పెరుగు శిలీంధ్రము. దాని పరిమళముచేత విందులలో దానికి మిక్కిలి గిరాకి. దానిని సాగుచేయు మార్గమును వెదకుమని ప్రభుత్వము కోరెను. ఫ్రాంకు చెట్ల వేళ్లను సూక్ష్మదర్శినితో పరిశీలించెను. శిలీంధ్రపు దారములు పిల్లవేళ్ల కొనలను తొడుగువలె కప్పియుండెను. అయినను ఆ చెట్లు కృశింపక పచ్చగా నుండెను. తెగుళ్ల నెరిగిన ఆ విద్వాంసుడు ఇది తెగులు కాదని గ్రహించెను. 1885లో ఈ కూటమికి మైకోరైజా యని పేరిడెను. గ్రీకు పదములనుండి పుట్టిన ఆ పేరునకు శిలీంధ్రమూలమని యర్థము.

పలువురు పండితులు ఈ మాటను నమ్మలేదు. అందుచే ఆయన ప్రయోగములకు పూనుకొనెను. అడవిమట్టిలో కొంత భాగమును వేడిచేసి అందలి శిలీంధ్రములను నశింపజేసెను. కాచిన మట్టిలోను, కాచని మట్టిలోను పైన్ మొలకలను పెంచెను. కాచిన మట్టిలోనివి గిడసబారెను. శిలీంధ్రముల తోడు గలవి ఏపుగా పెరిగెను. ఈ ఫలితములను 1894లో ప్రకటించెను. శిలీంధ్రము నీటిని, భాస్వరము మొదలగు పోషకములను వేరున కందించుననియు, చెట్టు ప్రతిఫలముగా చక్కెరల నొసగుననియు నేడు మనమెరుగుదుము.

ట్రఫుల్ సాగు మాత్రము ఆయన చేతిమీదుగా నెరవేరలేదు. ఆయన 1900లో బెర్లిన్‌లో మరణించెను. 1970వ దశకమున ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు నారుమొక్కల వేళ్లకు ట్రఫుల్ శిలీంధ్రము నంటించి నాటి, పంటను పొందిరి.

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలో పండు మిరప, ప్రత్తి, కంది మొక్కల వేళ్లతోను వేరొక తెగ శిలీంధ్రములు చెలిమి చేయును. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలో నుండు సూక్ష్మజీవులకు 1889లో రైజోబియమను పేరిడినవాడును ఫ్రాంకే. కోరి వెదకినది దొరకకున్నను, త్రోవలో కనబడినదానిని ఆయన చులకన చేయలేదు. అందువలననే ఆయన కీర్తి నిలిచినది.